టమాటా మొక్క తాగిన నీళ్ళు

పనిచోట ఆ మనిషిని అందరూ గద్ద అనేవాళ్ళు. కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరు వేసే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. లేస్తున్న మేడకంటే ఎత్తున, క్రేను మెడ దగ్గర వేలాడే అద్దాల గదిలో కూర్చుని, ఇంటి గోడంత సిమెంటు పలకను హుక్కుకు తగిలించుకుని, గాల్లో తిప్పి, కింద నిలబడ్డ మనుషుల మధ్యకు దించడం అతని పని. అతను పలక దించే చోట టీ గ్లాసు పెట్టినా టీ తొణకదని చెప్పుకునేవాళ్ళు. అందులో సగం కోతలే అనుకోండి. అయినా ఇన్నేళ్ళలో అతని హుక్కు కింద ఒక్క మనిషికి గోరు ఊడలేదు, అది మాత్రం నిజం.

ఆ హుక్కు కింద రోజూ నిలబడేవాడు అతని బావమరిది, భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. చేతిలో ఎర్రజెండా, భుజాన వాకీటాకీ పెట్టుకుని, ఎడమకు తిప్పు, ఇంకాస్త దించు, ఆగు అని పైవాడికి దారి చెప్పేవాడు కాబట్టి వాడి పేరు జెండా. వాణ్ణి ఈ పనిలోకి తెచ్చింది గద్దే. వాడు మొదటిరోజు పనికి బయల్దేరినప్పుడు వాళ్ళక్క మొగుణ్ణి గుమ్మం దగ్గర ఆపి ఒకే మాట అంది. "వాడి నెత్తి మీద నువ్వు బరువు తిప్పుతావు. గుర్తుపెట్టుకో." తన చేతి మీద తనకున్న ధీమాతో గద్ద నవ్వేసి బయల్దేరాడు.

ఇంతటి పనిమంతుడికి ఒక పాడు అలవాటు ఉంది. పొద్దున నిచ్చెన ఎక్కితే సాయంత్రం పని ముగిసేదాకా దిగడు, అంతవరకూ గుక్కెడు నీళ్ళు తాగడు. అన్నం డబ్బా కూడా పైకే తీసుకెళ్ళి, నాలుగు ముద్దలు పొడిగా మింగి మూత పెట్టేస్తాడు. నీళ్ళు తాగితే తాగినట్టు ఊరుకోవు కదా. దిగాలి, మళ్ళీ ఎక్కాలి. ఒక్కసారి దిగి ఎక్కేసరికి మోకాళ్ళు మొరపెట్టుకుంటాయి, పలక కోసం కాసుకుని ఉన్నవాళ్ళు నడుం మీద చేతులేసుకుని తిడతారు. క్రేను నడిపేవాళ్ళు చాలామంది దీనికి ఒక ఉపాయం చేస్తారు. క్యాబిన్‌లో రెండో సీసా ఒకటి, ఖాళీది, దాచుకుంటారు. గద్ద కూడా ఒకప్పుడు దాచుకున్నవాడే.

పాత చోట జరిగింది ఆ ముచ్చట. మూత సరిగా పెట్టని ఆ రెండో సీసాకు ఒకరోజు గద్ద కాలు తగిలింది. అందులోది తలుపు సందులోంచి కిందికి జారింది. సరిగ్గా అప్పుడే కింద అక్కడి ఇంజనీరు ఎవరో పెద్దమనుషులకు మేడ చూపిస్తున్నాడు. తెల్ల హెల్మెట్టు మీద టపటపా చినుకులు పడితే ఆయన తలెత్తి, మబ్బు లేకుండా ఈ వానేమిటని ఆశ్చర్యపోయాడు. అంతే, ఆ పూట నుంచి గద్ద పేరు వానదేవుడు. ఎదురుపడినవాడల్లా చేతులు జోడించి, స్వామీ మా వీధి మీద కూడా కాస్త దయ చూపించండి అనేవాడు. పట్టుకుని నాలుగు తన్నినా గద్దకు అంత బాధ ఉండేది కాదు. కొత్త చోటికి వచ్చాక ఒట్టు పెట్టుకున్నాడు: పైన రెండో సీసా ఉండదు, దాని అవసరమూ రానివ్వడు. పాత పేరు సంగతి ఇక్కడ జెండా ఒక్కడికే తెలుసు. బావ పరువు తన పరువే అనుకుని వాడు ఎక్కడా నోరు జారలేదు.

ఇక గద్ద భార్య. ఇస్త్రీ షాపులో పగలంతా ఆవిరి మధ్య నిలబడే మనిషి, దాహమంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. పొద్దున్నే లేచి, కాచి చల్లార్చిన నీళ్ళు పెద్ద సీసా నిండా పోసి, మూత బిగించి అతని సంచిలో తన చేత్తోనే పెట్టేది. సాయంత్రం ఖాళీ సీసా కడిగి బోర్లించేది. ఆ ఖాళీ సీసా చూస్తే ఆమెకు కడుపు నిండినట్టుండేది. అది ఎలా ఖాళీ అవుతోందో ఆమెకు తెలియదు. గద్ద దాన్ని నిండుగానే పైకి మోసుకెళ్ళి, నిండుగానే కిందికి మోసుకొచ్చి, ఇంటికి బయల్దేరే ముందు అటూ ఇటూ చూసి క్రేను పాదం పక్కన మట్టిలో ఒంపేసేవాడు. ఎవరో అన్నం తింటూ ఊసేసిన టమాటా గింజలు అక్కడ మొలిచాయి. చుట్టూ దుమ్ము, తుప్పు, సిమెంటు. మధ్యలో ఆ మొక్క మాత్రం గుబురుగా పెరిగి పూతకు వచ్చింది.

ఎండలు ముదిరాయి. క్యాబిన్‌లో ఉన్న చిన్న ఫ్యాను వేడి గాలినే తిప్పి తిప్పి కొట్టేది. మధ్యాహ్నమయ్యేసరికి గద్దకు కణతలు పగిలిపోయే తలనొప్పి. సాయంత్రం నిచ్చెన మీద పిక్కలు పట్టేసి, మెట్టు మెట్టుకూ ఆగి దిగాల్సి వచ్చేది. ఇంట్లో గిన్నె చప్పుడైనా చిరాకుపడేవాడు. చొక్కా వీపున ఉప్పు తెల్లగా చారలు కట్టేది. మూత్రం డికాషన్ రంగుకు తిరిగింది. అది ఒకరితో చెప్పుకునే విషయమా అని కడుపులో దాచుకున్నాడు. పనిచోటే క్లినిక్కు ఉంది, డాక్టరమ్మ ఉంది, వెళ్ళొచ్చుగా అంటే వెళ్ళడు. ఆవిడ ఒక్క మాట రాసిందంటే క్యాబిన్ తాళం ఇంకొకడి చేతికి పోతుంది. ఆ ఎత్తున కూర్చోవడం తప్ప అతనికి వేరే విద్య రాదు.

అందుకని సొంత వైద్యానికి దిగాడు. పరగడుపున వెల్లుల్లి రెబ్బ నమిలాడు. అరికాళ్ళకు నూనె రుద్దుకున్నాడు. పొద్దున్నే పార్కులో గడ్డి మీద వట్టికాళ్ళతో నడిచాడు, కుక్క వెంటపడితే ఆరోగ్యం కోసమే అన్నట్టు పరుగెత్తాడు కూడా. ముక్కు ఒక పక్క మూసి రెండో పక్క ఊపిరి పీల్చాడు. టీలో చక్కెర మానేశాడు, టీవీ కట్టేసి పెందలాడే పడుకున్నాడు. ఇవన్నీ మంచివే, ఎవరు కాదన్నారు? నడక మంచిది, నిద్ర మంచిది, ఊపిరి పీల్చడం మరీ మంచిది. కానీ ఒళ్ళు నోరు తెరిచి నీళ్ళడుగుతుంటే దాని చేతిలో వెల్లుల్లి పెట్టే మొండివాణ్ణి ఏమనాలి? నీళ్ళు సరిగా తాగుతున్నావా అని భార్య నిలదీస్తే నీళ్ళు నమిలేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

చేతిలో తేడా వస్తోందని అతనికి తెలుసు, అదీ అసలు భయం. జెండా ఆగు అన్నాక పలక ఇంకో జానెడు దిగి ఆగుతోంది. ఒకరోజు పలక ఊగి పరంజాను రాసుకుంటూ పోయింది. కర్రలు విరిగాయి, అక్కడ ఎవరూ లేకపోవడం అదృష్టం. ఆ సాయంత్రం ఇక్కడి ఇంజనీరు గద్దను పక్కకు పిలిచి, ఇంకొక్కసారి ఇలా జరిగితే కిందికి దింపేస్తానన్నాడు. అరిచి ఉంటే ఎదురు అరిచేవాడేమో. ఆయన మెల్లగా చెప్పేసరికి గద్ద తలూపి వచ్చేశాడు. ఇంటికి వెళ్ళి ఇంకో వెల్లుల్లి రెబ్బ ఎక్కువ నమిలాడు.

తరువాత కొద్దిరోజులకే పై అంతస్తులో చివరి మూల గోడ నిలబెట్టాల్సి వచ్చింది. చెడ్డ మూల అది. రెండు పక్కలా ఇనుప చువ్వలు నిలువునా లేచి ఉన్నాయి, మూడో పక్క మేడ అంచు. ఆ ఇరుకులో నిలబడి జెండా, ఇంకో ఇద్దరు పనివాళ్ళు పలకను చేతుల్తో పట్టి సరిచేయాలి. గద్దకు పొద్దుటి నుంచే కళ్ళముందు నల్లచుక్కలు ఆడుతున్నాయి. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. నిండు సీసా కాళ్ళ దగ్గరే ఉంది. ఈ ఒక్క పలకా అయిపోనీ, తొందరగా దిగిపోదాం అనుకున్నాడు.

పలక లేచింది, తిరిగింది, మూల మీదికి వచ్చి దిగడం మొదలుపెట్టింది. ఇంకాస్త, ఇంకాస్త అంటోంది వాకీటాకీ. తరువాత ఆగు అంది. గద్ద ఆపబోయాడు. చేయి రాలేదు.

క్రేను లివరుకు ఒక మంచి గుణం ఉంది. చేయి వదిలితే చాలు, దానంతటదే మధ్యకు వచ్చి యంత్రం ఆగిపోతుంది. నడిపేవాడు స్పృహ తప్పినా చేయి జారిపోతుంది కదా అని అలా తయారుచేశారు. కానీ గద్ద చేయి జారలేదు, బిగుసుకుంది. మోచేతి నుంచి వేళ్ళ కొసల దాకా నరం పట్టేసి, గుప్పిట లివరు చుట్టూ రాయిలా మూసుకుపోయింది. "ఆగు బావా," అన్నాడు జెండా మళ్ళీ. ఆ తరువాత వట్టి "బావా" అన్నాడు, అది వేరే గొంతు.

పలక దిగుతూనే ఉంది. అద్దంలోంచి గద్దకు జెండా పసుపు హెల్మెట్టు కనిపిస్తోంది. అది వెనక్కి జరిగి, ఇంకా జరిగి, చువ్వలకు ఆనుకుని ఆగిపోయింది. ఇక జరగడానికి చోటు లేదు. గుమ్మంలో భార్య అన్న మాట చెవిలో గింగురుమంది. యంత్రాన్ని చంపేసే ఎర్ర బటన్ ఒకటి పక్కనే ఉందని, దాన్ని కొడితే చాలని ఎండిపోయిన ఆ బుర్రకు తట్టనే లేదు. ఎడమచేత్తో తన కుడిచేతి వేళ్ళను తనే పట్టి లాగాడు. చిటికెనవేలు లేచింది. దాని పక్కది లేచింది. నడిమివేలు రానంటే, విరిగితే విరిగిందని వెనక్కి విరిచాడు. గుప్పిట విడిపోయింది, లివరు మధ్యకు కొట్టుకుంది, క్రేను మూలిగి ఆగింది.

ఆగింది, కానీ ఎక్కడ ఆగింది? ఊగిన పలక అంచు జెండా ఛాతీ మీద ఆనుకుని ఉంది. వెనక చువ్వలు, ముందు సిమెంటు. ఊపిరి ఆడుతోంది, మనిషి మాత్రం కదలడానికి లేదు. పనివాళ్ళిద్దరూ పలకకు భుజాలు ఆనించి నెట్టిపట్టారు. గట్టిగా గాలి కొడితే ఆ భుజాలు ఏం ఆపుతాయి? వాడు బయటపడాలంటే పలకను బెత్తెడు పైకి లేపి, పక్కకు తిప్పాలి. పక్క క్రేను నడిపేవాడు దిగి, ఈ నిచ్చెన ఎక్కి వచ్చేదాకా గాలి ఆగుతుందన్న నమ్మకం లేదు. లేపగలిగినవాడు గద్ద ఒక్కడే. అతని కుడిచేయి కోడికాలులా ముడుచుకుని ఒళ్ళో పడి ఉంది.

వాకీటాకీలో మాట్లాడితే ఇంజనీరు, మేస్త్రీలు, కూలీలు, అందరూ వింటారు. గద్ద దాని మీది బటన్ నొక్కాడు. వదిలేశాడు. మళ్ళీ నొక్కి, ఇన్నాళ్ళూ దాచింది చెప్పేశాడు.

"చెయ్యి పట్టేసిందిరా. కళ్ళు తిరుగుతున్నాయి. నా మీద నమ్మకం పెట్టుకోవద్దు."

జెండా మాట్లాడినప్పుడు మాట మాటకూ మధ్య ఊపిరి తెగుతోంది.

"బావా, నీ కాళ్ళ దగ్గర అక్క ఇచ్చిన సీసా ఉందిగా. రోజూ ఆ టమాటా మొక్కకు పోస్తావే, ఇవాళ దానికి పోయకు. నువ్వు తాగు. నేనెక్కడికి పోతాను, ఇక్కడే ఉంటాలే."

గద్ద పైప్రాణం పైనే పోయింది. వీడికి తెలుసు. తెలిసి కూడా తన మొహం చిన్నబోతుందని అడగలేదు, అడగకుండా రోజూ వచ్చి ఈ హుక్కు కిందే నిలబడ్డాడు. గద్దకు సిగ్గేసింది, దానికంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. మూత పళ్ళతో ఊడబీకి సీసా ఎత్తాడు. నీళ్ళు వేడెక్కి ఉన్నాయి, సగం మెడ మీద ఒలికాయి. గటగటా తాగకు, కక్కుకుంటావు, గుక్క గుక్క తాగు అంటున్నాడు కింద ఇరుక్కున్నవాడు. డబ్బాలో ఉప్పుంటే చిటికెడు నోట్లో వేసుకోమని, తొందరేమీ లేదని ఇంజనీరు అన్నాడు. తొందర లేదంటున్న ఆ గొంతు వణుకుతోంది.

గద్ద తాగాడు. ముడుచుకున్న వేళ్ళను తొడకు అదిమిపెట్టి సాగదీశాడు. అవి విడిపోవడం, మళ్ళీ పట్టేయడం, మళ్ళీ విడిపోవడం. ఎంతసేపైందో అతనికి తెలియలేదు. కళ్ళముందు చుక్కలు పలచబడ్డాయి. అప్పుడు కుడిచేతిని లివరు మీద పెట్టి, దాన్ని నమ్మక, పైన ఎడమచేయి వేశాడు. సిద్ధం అని చెప్పాడు.

"పైకి, బావా. వెంట్రుకవాసి."

పలక కదిలింది. ఇంకాస్త అంది గొంతు, ఇంకాస్త. అంతలో గాలి వీచి పలక వణికింది, వాకీటాకీలో ఎవరో మూలిగారు. గద్ద ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఆగు అని జెండా నోరు తెరిచీ తెరవకముందే ఆపాడు. ఇప్పుడు కుడికి అన్నాడు జెండా. కుడికి తిప్పాడు. పసుపు హెల్మెట్టు చువ్వల మీద నుంచి పక్కకు జారి, నాలుగడుగులు నడిచి, నేల మీద కూలబడింది. చెయ్యి పైకెత్తి ఎర్రజెండా ఊపింది. గద్ద పలకను ఖాళీ చోట దించి, యంత్రం కట్టేసి, తల మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. పక్క క్రేనువాడు పైకి వచ్చి, నడుముకు తాడు కట్టి దింపుకుపోయేదాకా అలాగే ఉన్నాడు.

జెండా పక్కటెముకలు విరగలేదు, కమిలి నల్లటి చార మాత్రం పడింది. గద్దకు సెలైను ఎక్కించి, రక్తమూ మూత్రమూ పరీక్ష చేయించాక, పెద్ద జబ్బేదీ లేదని డాక్టరమ్మ తేల్చింది. ఇంకొన్నాళ్ళు ఒంటిని ఇలాగే ఎండబెట్టి ఉంటే మాత్రం కిడ్నీలు చేతికి దక్కేవి కావంది. ఆవిడ చెప్పినవాటిలో మందు షాపులో దొరికేదేదీ లేదు. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు తాగమంది, మధ్యాహ్నం దిగి నీడన కూర్చుని అన్నం తినమంది, పళ్ళూ కూరగాయలూ తినమంది, మూత్రం రంగు చూసుకుంటూ ఉండమంది. పొద్దుటి నడకా పెందలాడే నిద్రా వదలొద్దంది. కొన్నాళ్ళు క్యాబిన్ ఎక్కొద్దంది.

ఇన్నాళ్ళూ నీళ్ళెందుకు తాగలేదని ఇంజనీరు అడిగితే, గద్ద తల దించుకుని వానదేవుడి కథ తన నోటితోనే చెప్పాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుకు భయపడే కదా ఇంతదాకా తెచ్చుకున్నాడు, తీరా విన్నాక అదేమంత పెద్ద దెబ్బ అనిపించలేదు. నెత్తిన గోడ పడేకంటే వాన పడ్డా నయమేనని ఇంజనీరు అన్నాడు. ఆ వారం నుంచి క్రేనులవాళ్ళందరూ మధ్యాహ్నం దిగాల్సిందేనని, దిగి ఎక్కేదాకా పలకలు ఆగుతాయని చెప్పించాడు.

ఇంటి దగ్గర అంత తేలిగ్గా తేలలేదు. తమ్ముడు చెప్పిందంతా విని, గద్ద భార్య అరవలేదు, ఏడవలేదు. సంచిలోంచి సీసా తీసి మొగుడి ముందు పెట్టింది.

"ఇది కడిగినప్పుడల్లా నీ ఒంట్లో ఇన్ని నీళ్ళు పడ్డాయనుకున్నాను. మట్టిలో పోసొచ్చి నాకు ఖాళీ సీసా చూపించావు. వాడికేమన్నా అయ్యుంటే నీ మొహం చూసేదాన్ని కాదు."

మరునాటి నుంచి ఆమె సీసా ముట్టుకోలేదు. అన్నం పెట్టేది, బట్టలు ఇస్త్రీ చేసేది, అడిగినదానికి జవాబు చెప్పేది. సీసా మాత్రం గద్దే నింపుకున్నాడు, గద్దే కడుక్కున్నాడు. డాక్టరమ్మ ఒప్పుకున్నాక మళ్ళీ క్యాబిన్ ఎక్కాడు. ఎక్కినప్పటి నుంచి పొద్దున కొంచెం, ఎండెక్కాక కొంచెం తాగుతున్నాడు, మధ్యాహ్నం నిచ్చెన దిగి నీడన కూర్చుంటున్నాడు. తలనొప్పి పోయింది. చేయి ఆగు అన్నచోట ఆగుతోంది. సాయంత్రం ఖాళీ సీసా తెచ్చి ఆమెకు కనపడేలా బల్ల మీద పెట్టేవాడు. ఆమె అటు చూసేది కాదు. చూసినా ఏం లాభం, ఖాళీ సీసా మాట ఆమె ఎలా నమ్ముతుంది? నిజంగానే తాగుతున్నానని ఒట్టేసి చెప్పడానికి గద్దకు నోరు రాలేదు. ఆ ఇంట్లో అతని మాట విలువ అతనికి బాగా తెలుసు.

ఒక సాయంత్రం జెండా భోజనానికి వచ్చాడు. కమిలిన చోట నొప్పి తగ్గిందని, ఇప్పుడు నవ్వినా బాధ లేదని చెబుతున్నాడు. ఆమె పొయ్యి దగ్గర వీపు తిప్పి నిలబడి, గరిటె ఆపకుండానే అడిగింది.

"ఒరేయ్, ఆ టమాటా మొక్క ఎలా ఉంది?"

గద్ద చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. జెండా బావ వంక ఒకసారి చూసి, మొహం సీరియస్‌గా పెట్టుకున్నాడు.

"ఎండిపోయిందక్కా. మొదలంటా ఎండిపోయింది. పాపం, కాయలు కూడా పట్టాయి."

ఆమె గరిటె పక్కన పెట్టింది. ఇటు తిరగకుండానే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తరువాత బల్ల దగ్గరికి వచ్చి, సీసా తీసుకుని కడిగింది. రేపటి నీళ్ళు నిండుగా పోసి, మూత బిగించి, అతని సంచిలో పెట్టింది.